తిమ్మక్క రాగుల దిండు

కుజవాడ, ఏడో సొరంగం, నీళ్ళ వాల్వు రిజిస్టరు
కాపలాదారు: ఓబులేసు

రోజు 96

నీటి ఒత్తిడి 3.2. సరిగానే ఉంది.

ఈ పుస్తకంలో ఒత్తిడి అంకె తప్ప మరేమీ రాయకూడదని అట్ట మీద అచ్చేశారు. అచ్చేసిన మహానుభావులే రోజుకొక పేజీ చొప్పున ఇచ్చారు. ఒక్క అంకెకి అంత పేజీ ఎందుకో ఇరవై రెండేళ్ళుగా నాకు అంతు పట్టలేదు. కాగితం భూమి నుంచి ఆరు నెలలు ప్రయాణం చేసి ఇక్కడికి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చినదాన్ని ఖాళీగా పంపడం మా ఇంటి మర్యాద కాదు. అందుకని రాస్తుంటాను.

నేను ఓడ ఎక్కేటప్పుడు మా మేనత్త వచ్చి, కుజుడి మీద కాపురమేమిటి, దోషం తగులుతుందని ఏడ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లల జాతకంలో కుజుడు ఏ ఇంట్లో ఉన్నాడని అడగడానికి లేదు, వీళ్ళే కుజుడి ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు పెళ్ళి సంబంధాలకి భూమి ఏ ఇంట్లో ఉందో చూస్తున్నారట. మనిషి ఎక్కడికి పోయినా భయపడటానికి ఒక గ్రహం కావాలి.

విషయానికొస్తాను. పక్క గదిలో మస్తానమ్మ ఉంటుంది. పైన కరెంటు తీసే ఎండ పలకల మీద ఎర్రదుమ్ము తుడిచే పని. ఆమెకి ఒక్కతే కూతురు సుంకులమ్మ, అందరం సుంకి అంటాం, భూమి లెక్కన ఏడేళ్ళు. ఆ పిల్లకి ఏడాదిగా కడుపునొప్పి. ఇవాళ ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చి తల్లీకూతుళ్ళు నా వాల్వు అరుగు మీద కూర్చున్నారు.

"ఏమన్నాదమ్మా డాక్టరమ్మ?" అన్నాను.

"గోధుమ పడదంట చిన్నాయనా. దాంట్లో ఉండే జిగురు పేగు లోపలుండే నూగునంతా రాలగొడతాందంట. అందుకే తిన్నది తిన్నట్టే పోతాందంట."

"మందు?"

"మందు లేదంట. బతికినన్నాళ్ళూ గోధుమ తినకపోవడమే మందంట."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదు, కానీ కుజవాడలో పొద్దున గోధుమ జావ, మధ్యాహ్నం గోధుమ రొట్టె, రాత్రికి గోధుమ ముద్ద. జలుబు చేస్తే గోధుమ తవుడు వేయించి కాపడం పెడతారు. వరికి నీళ్ళు చాలవు, ఆలుగడ్డకి తెగులొచ్చి ఆరేళ్ళయింది. దీపాల కింద నాలుగు ఆకుకూరలు, రేషన్లో గుప్పెడు పప్పు. గోధుమ మాత్రం ఎంత కావాలంటే అంత, ఉచితం. ఇక్కడ గోధుమ మానెయ్యమనడమంటే చేపని గట్టెక్కి కూర్చోమనడమే.

మస్తానమ్మ నవ్వలేదు. "వచ్చే ఓడ మున్నూరో దినం వస్తాదంట. అప్పటికి పదిహేడు కిలోలు కాకుంటే పాపను పై ఆసుపత్రికి పంపించేస్తారంట. రెండేండ్లు. నన్ను రానీరు. పలకల పని ఒప్పందం ఇంగా మూడేండ్లుండాది."

పై ఆసుపత్రి అంటే మా నెత్తి మీద చుట్టూ తిరిగే ఇనుప డబ్బా. అక్కడ మంచి వైద్యం, మంచి తిండి. అమ్మ మాత్రం ఉండదు. సుంకి ఇప్పుడు తూగుతున్నది పదిహేను కిలోల నాలుగు వందల గ్రాములు.

సుంకి అడిగింది: "తాతా, ఆడ కిటికీ ఉంటాదా?"

"ఉంటుందమ్మీ."

"దాంట్లోనుంచి చూస్తే మా యమ్మ పలకలు తుడిచేది కనపడతాదా?"

నేను వాల్వు చక్రం అనవసరంగా ఒకసారి బిగించాను.

రోజు 98

ఒత్తిడి 3.2.

గోధుమ పడనివాళ్ళ కోసం ఓడలో ఆకుపచ్చ పొట్లాలు వస్తాయి. ఒకటి కొని తెచ్చాం. బిస్కెట్లు. పొట్లం మీద ఏం లేదో బెత్తెడు అక్షరాల్లో ఉంది: 'గోధుమ లేదు'. ఏముందో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. భూతద్దం పెట్టి చదివాను: కర్రపెండలం పిండి, చక్కెర, నూనె, ఉప్పు, రంగు. అంతే. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళే గాని, ఆ తర్వాత చేతికందిన కాగితమల్లా చదివాను. నా చదువు ప్రకారం ఇది బిస్కెట్టు వేషం వేసుకున్న చక్కెర. కడుపునొప్పి తగ్గిస్తుంది నిజమే, కానీ పిల్లని పెంచదు. రక్తానికి ఇనుమూ లేదు, ఎముకకి సున్నమూ లేదు.

ధర చూస్తే మస్తానమ్మ రెండు రోజుల కూలి. పొట్లం పిల్లకి ఒక రోజుకి వస్తుంది. కలిగినవాళ్ళ పిల్లలకైతే దాని పక్కన ఓడలో వచ్చిన పళ్ళూ పాలపొడీ ఉంటాయి. వీళ్ళకి పొట్లం పక్కన పొట్లమే, అదీ సగం రోజులే. సర్కారు సాయం నెలకి నాలుగు పొట్లాలు. దానికి నెల నెలా, జబ్బు ఇంకా నయం కాలేదని ధ్రువపత్రం తేవాలట. తెగిన వేలు మళ్ళీ మొలవలేదని నెల నెలా చెయ్యెత్తి చూపించమన్నట్టుంది.

*(ఎర్ర సిరాతో)* వాల్వుకు సంబంధం లేని విషయాలు ఈ రిజిస్టరులో రాయరాదు. — వెంకటరత్నం, తనిఖీ అధికారి.

రోజు 103

ఒత్తిడి 3.1. వెంకటరత్నంగారు పది రోజులకొకసారి వచ్చి సంతకం చేసి వెళతారు. మనిషి నిలువునా ఇస్త్రీ చేసినట్టుంటారు. ఆయన సిరా వృథా కాకూడదని వారి సూచనని గౌరవంగా చదువుకుని మళ్ళీ రాస్తున్నాను.

మా సొరంగంలో పిల్ల పుడితే మూడో రోజున తిమ్మక్క దిండు వస్తుంది. తిమ్మక్కకి ఎనభై ఏళ్ళు. నలభై ఏళ్ళ కిందట మొదటి ఓడలో మడకశిర వైపు నుంచి వచ్చింది, చంకలో బిడ్డ, బిడ్డ తల కింద ఆ దిండు. పసివాళ్ళ తల గుండ్రంగా రావాలంటే మెత్తటి దూది పనికిరాదు, గింజల దిండు ఉండాలి. తల ఎటు తిరిగితే గింజలు అటు జరుగుతాయి. ఇప్పటికి అరవై ఆరు తలకాయలు ఆ దిండు మీదే గుండ్రబడ్డాయి. పిండి మర దస్తగిరి తల ఒక్కటే పలకలాగా ఉంటుంది, వాడు చిన్నప్పుడు బోర్లా పడుకునేవాడు.

ఇవాళ ఎనిమిదో గదిలో పసిపిల్లకి దిండు పెడుతుంటే సర్దడానికి చెయ్యి వేశాను. గరగరమంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న దిండే.

"అక్కా, దీంట్లో ఏముంది?"

"రాగులు. దిండులో ఇంగేముంటాయి, రత్నాలా?"

"రాగులు తినేటివి కదక్కా."

"తినేటివే. మా అవ్వ సంగటి కెలికితే పెద్ద ముద్ద నాకే పెడతాండె. ఇవి మాత్రం తినేటివి కాదు, తలకాయ పెట్టేటివి. అరవై ఆరు మంది దీని మీద పాలు కక్కినారు, ఉచ్చ పోసినారు. తింటావా, పెట్టమంటావా?"

"తినను. విత్తుతాను."

తిమ్మక్క నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "విత్తి? మూడో గది నీలావతికి రెండో నెల. దానికి బిడ్డ పుట్టేలోగా దిండు నిండల్ల. ఆ బిడ్డ తలకాయ దస్తగిరి తలకాయ మాదిరి అయితే ఎవురు పూచీ? నువ్వా?"

"నేనే పూచీ. రెండింతలు తిరిగిస్తాను."

"రెండింతలు ఇస్తానన్నోడు సగం కూడా ఇయ్యడని మా అవ్వ చెప్పేది."

అప్పుడు సుంకి వచ్చింది నాకు నీళ్ళ చెంబు ఇవ్వడానికి. తిమ్మక్క ఆ పిల్లని దగ్గరికి పిలిచి, తల తడిమింది. ముందు నుంచి వెనక దాకా, కుమ్మరి కుండని తడిమినట్టు.

"ఇది కూడా నా దిండు మీద తలకాయే. ఎంత బాగ వచ్చినాదో చూడు." చెయ్యి మెడ మీదికి దిగి ఆగింది. "మెడలో ఎముకలు తప్ప ఏం లేదు గదరా దీనికి."

దిండు ఒళ్ళో పెట్టుకుని కుట్టు దారం పంటితో కొరికింది. సగం గింజలు నా తువ్వాల్లో పోసి, మిగతా సగం మళ్ళీ కుట్టేసింది.

రోజు 112

ఒత్తిడి 3.2.

ముందు డాక్టరమ్మని అడిగాను. రాగుల్లో ఆ జిగురు లేదు, సున్నమూ ఇనుమూ దండిగా ఉంటాయి అన్నారు. "కానీ ఎక్కడ దొరుకుతాయి ఓబులేసుగారూ?" అన్నారు. దిండులో అంటే నవ్వుతారని, దొరుకుతాయిలెండి అని వచ్చేశాను.

వంద గింజలు తడిగుడ్డలో కడితే పదకొండు మొలిచాయి. నలభై ఏళ్ళు పిల్లల తలల కింద నలిగిన గింజ నూటికి పదకొండు మొలిచినా గొప్పే. గోధుమ హాల్లో మళ్ళ మీద చెయ్యి వేస్తే నేరం, అవి సర్కారువి. మళ్ళ మధ్య గట్లు మాత్రం ఎవరివీ కావు. నీళ్ళు నా వాల్వు నుంచే వెళతాయి, దీపాల వెలుతురు గట్ల మీద కూడా పడుతుంది. మా నాయన పొలంలో వేరుశనగ వేస్తే గట్టు మీద కంది తప్పకుండా వేసేవాడు. గట్టు మీద పండినదానికి శిస్తు లేదనేవాడు. నిజమో కాదో నేనెప్పుడూ విచారించలేదు, విచారిస్తే అబద్ధమని తేలుతుందేమోనని.

సుంకి, నేను కలిసి గట్లన్నీ విత్తాం. గింజ మరీ సన్నం కదా, సుంకి వేళ్ళు దానికి సరిపోయాయి.

రోజు 128

ఒత్తిడి 3.2.

*(ఎర్ర సిరాతో)* హాలు గట్ల మీద పచ్చగా కనిపిస్తున్నది ఏమిటి? వివరణ ఇవ్వాలి.

వివరణ: మొక్కలు.

రోజు 138

ఒత్తిడి 3.2.

*(ఎర్ర సిరాతో)* ఏ మొక్కలు?

వివరణ: పెరిగే మొక్కలు.

రోజు 163

ఒత్తిడి 3.3.

ఇక్కడ బరువు తక్కువ కనుక పైరు మా నాయన చేల్లో కన్నా మూరెడు ఎత్తు లేచింది. వెన్నులు వచ్చాయి. పిడికిలి ముడిచినట్టుండే వెన్ను సుంకి ఎప్పుడూ చూడలేదు. "తాతా, ఇది ఎవురినో కొట్టనీకి వస్తాంది" అంది.

మస్తానమ్మ రెండు పూటలా పలకలు తుడుస్తోంది. ఆ కష్టమంతా ఆకుపచ్చ పొట్లాలకే. సుంకి బరువు పదిహేను కిలోల ఆరు వందలు. అరవై ఏడు రోజుల్లో రెండు వందల గ్రాములు. సత్తువ లేని తిండి ఎంత పెట్టినా అంతే.

*(ఎర్ర సిరాతో)* మొక్కల వల్ల ఒత్తిడి 3.3కు పెరిగిందా? అవునో కాదో రాయాలి.

కాదు. వెంకటరత్నంగారు అంకెలు కూడా చదువుతున్నారని తెలిసి సంతోషించాను.

రోజు 214

ఒత్తిడి 3.2.

పంట చేతికొచ్చింది. పద్నాలుగు కిలోలు. మడిలోకి అడుగు పెట్టకుండా, ఒక్క గోధుమ గింజ కూడా కలవకుండా, వెన్నుకి వెన్ను చేత్తో కోశాం. ముందు కిలో తిమ్మక్క దిండుకని మూట కట్టాను. నాలుగు కిలోలు దస్తగిరి మరకి పంపాను. నాలుగు కిలోల నూట యాభై గ్రాముల పిండి వచ్చింది, మెత్తగా, మేఘం లాగా. దస్తగిరి పనితనం అంటే అదీ.

తిమ్మక్క పైట బిగించి నిలబడి సంగటి కెలికింది. నూకలు లేవు, వట్టి పిండే. "గరిటె నిలబడాలరా, పడుకుంటే అది జావ" అంటూ. తోటకూర పులుసు. సొరంగంలో అందరికీ నిమ్మకాయంత ముద్ద. నలభై ఏళ్ళ తర్వాత ఆ వాసన. అటుపక్క ముసలి వెల్డరొకడు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, ఎంతసేపటికీ తెరవలేదు. మేం కంగారుపడ్డాం. తీరా చూస్తే ఇంకో ముద్ద కోసం.

సుంకి రెండు ముద్దలు తిన్నది. మస్తానమ్మ తినకుండా, కూతురు తినే వేగం చూస్తూ కూర్చుంది.

రోజు 217

ఒత్తిడి 3.2.

సుంకికి కడుపునొప్పి. వాంతులు. తిన్న మూడు రోజులూ అంతే.

రోజు 221

ఒత్తిడి 3.2.

పదిహేను కిలోల నూరు. ఇదివరకటి కన్నా తగ్గింది. డాక్టరమ్మ ఆ పిండి ఆపేయమన్నారు. "పుస్తకం ప్రకారం పడాలి ఓబులేసుగారూ. ఎందుకు పడలేదో నాకూ తెలియడం లేదు."

సొరంగంలో తలా ఒక మాట. ఉచ్చ పోసిన గింజ విత్తితే ఏం మొలుస్తుంది అని ఒకరు. దిండు విప్పడమే అరిష్టమని ఒకరు. తిమ్మక్క నాతో మాట్లాడటం లేదు. తప్పు నాదనుకుంటుందో, తనదనుకుంటుందో తెలియదు.

మస్తానమ్మ గదిలోకి తొంగి చూస్తే గోనెసంచి ఒకటి తెరిచి ఉంది. అడుగున సుంకి గౌనులు రెండు, దువ్వెన.

"ఇప్పట్నుంచే ఎందుకమ్మా? ఇంకా ఎనభై రోజులుంది" అన్నాను.

"ఏమేమి పెట్టాల్నో ఒక్క దినంలో గుర్తుకు రావు చిన్నాయనా" అంది.

ఇవాళ రాయడానికి ఇంకేమీ లేదు. మిగతా పేజీ ఖాళీగానే పంపుతున్నాను.

రోజు 224

ఒత్తిడి 3.2.

*(ఎర్ర సిరాతో)* 214వ రోజు వివరాల్లో లెక్క తప్పు. గింజలు 4 కిలోలు. పిండి 4 కిలోల 150 గ్రాములు. మరలో పోసినది తరుగు పోయి తగ్గాలి గాని పెరగదు. అదనపు 150 గ్రాములు ఎక్కడివి? వివరణ ఇవ్వాలి.

చదివి, ముందు విసుక్కున్నాను. పిల్ల మంచాన పడితే ఈయనకి నూట యాభై గ్రాముల గోల. తర్వాత కూర్చున్న చోటనే ఉండిపోయాను. గొట్టంలో మూడు పాళ్ళు పంపితే అవతల మూడుంబావు వచ్చిందంటే అర్థం ఏమిటి? దారిలో ఇంకో గొట్టం కలుస్తోందని. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగమే అది. నా చేత్తో నేనే రాసిన అంకె నాకు కనబడలేదు.

నడుచుకుంటూ మరకి వెళ్ళాను. దస్తగిరి తల నుంచి పాదం దాకా గోధుమ పిండిలో మునిగి ఉన్నాడు.

"దస్తగిరీ, మా రాగిపిండిలో ఏమన్నా కలిపినావా?"

"ఏం మాట మామా అది? నేను కల్తీ చేసేవోన్నా? మా నాయన ఈ మర పెట్టినప్పట్నుంచి ఒక్కరితో మాట పడలేదు."

"నాలుగు కిలోలిస్తే నూట యాభై ఎక్కువొచ్చింది."

దస్తగిరి ముఖం విప్పారింది. "అదా. అది కొసరు మామా. ఎవురు పిండి పట్టించుకున్నా చివర ఒక గుప్పెడు మన తరఫున వేస్తాం కదా. పాప తినేదని చెప్పి దానికి మూడు గుప్పిళ్ళు..."

అక్కడ ఆగాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. తెల్లగా ఉన్నాయి. మెల్లగా కింద కూర్చున్నాడు.

"మామా, నేనే పెట్టినానా పాపకు?"

కొసరు వేసినందుకు మనిషిని తిట్టే భాష నాకు రాదు. తూకం అయ్యాక ఒక గుప్పెడు అదనంగా పెట్టకపోతే మనవాళ్ళకి చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. భూమి వదిలాం, గాలి వదిలాం, కొసరు వదల్లేదు. అయినా వాడి మూడు గుప్పిళ్ళు లేకపోయినా, ఆ మర రాళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ గోధుమ ఉంది. చిటికెడు చాలు సుంకి కడుపుకి. డాక్టరమ్మ ఆ మాట ఆనాడే చెప్పారట, తినే గిన్నె కూడా వేరే ఉండాలని. మేం గిన్నె వేరే పెట్టాం. మర గుర్తు రాలేదు. మర మీద అనుమానం ఎవరికొస్తుంది? అది ఊరందరికీ అమ్మ లాంటిది.

"లెయ్యిరా. రాయి కొట్టడం వచ్చునా నీకు?" అన్నాను.

రోజు 231

ఒత్తిడి 3.2.

తిరగలి తయారైంది. నల్లరాయి ఇక్కడ కావలసినంత. దస్తగిరి ఏడు రోజులు కూర్చుని రెండు రాళ్ళు గుండ్రంగా చెక్కి, లోపల గాట్లు పెట్టాడు. మొదలుపెట్టే ముందు మూడుసార్లు స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని వచ్చాడు. తిమ్మక్క వాడి చెవుల వెనక కూడా చూసింది.

తీరా తిప్పితే గింజ పగల్లేదు. ఇక్కడ పై రాయి బరువు భూమ్మీది దాంట్లో మూడో వంతు. గింజల మీద తేలుతూ తిరుగుతోంది.

"ఇది విసరడం కాదురా, నిమరడం" అంది తిమ్మక్క. నాతో మాట్లాడిన మొదటి మాట. పది రోజులకి.

పై రాయి మీద బరువు కావాలి. ఈ విషయమై రిజిస్టరులో నమోదు చేయవలసినది ఏమిటంటే, స్టోరులో ఉండవలసిన ఏడో వాల్వు విడి చక్రం, ఇనుముది, ఒకటి కనబడటం లేదు. వెతుకుతున్నాను. తిరగలి బిగించిన గది తప్ప మిగతా అన్ని చోట్లా వెతికాను.

ఇప్పుడు గింజ నలుగుతోంది. తిమ్మక్క పిడి పట్టుకుని ఏదో పాట అందుకుంది. సగం మాటలు మర్చిపోయింది, మర్చిపోయిన చోట నన్ను తిట్టి పూడ్చింది.

రోజు 236

ఒత్తిడి 3.2.

అయిదు రోజులుగా సుంకి రాగి సంగటి తింటోంది. నొప్పి లేదు. వాంతి లేదు. ఇవాళ ఇంకో ముద్ద అడిగింది. మస్తానమ్మ గోడ వైపు తిరిగి చాలాసేపు గిన్నె కడిగింది. శుభ్రంగా ఉన్న గిన్నె.

రోజు 262

ఒత్తిడి 3.2.

పదహారు కిలోల రెండు వందలు.

మస్తానమ్మ తలుపు దగ్గర ఇవాళ నలుగురు నిలబడ్డారు, తలా ఒక డబ్బాతో. రెండో సొరంగంలో ఒకాయన, అయిదోదాంట్లో అక్కాచెల్లెళ్ళు, మా ముసలి వెల్డరు. నలుగురికీ ఇదే జబ్బు. ఏళ్ళ తరబడి ఉంది. పొట్లాలు కొనలేక గోధుమే తింటూ, నొప్పి వస్తే కడుపు పట్టుకుని పడుకుంటూ, ఎవరికీ చెప్పలేదు. జబ్బుకి సిగ్గు లేదు గాని పేదరికానికి ఉంది. తలా రెండు గుప్పిళ్ళే ఇవ్వగలిగాం, మిగతాది విత్తనానికి దాచాం. వాళ్ళ సొరంగాల గట్లు కూడా ఖాళీగానే ఉన్నాయట.

ఈ గొడవలో మా సొరంగంలో కొత్తగా మడీ ఆచారం మొదలైంది. గోధుమ ముట్టినవాళ్ళు తిరగలి ముట్టకూడదు. తిమ్మక్క గుమ్మంలో కూర్చుని అందరి గోళ్ళు పరీక్ష చేస్తుంది. దస్తగిరికి శాశ్వతంగా గడప అవతలే. వాడు అక్కడి నుంచే, "అవ్వా, ఆ పక్క గాటు అరిగినాదేమో చూడు" అని అరుస్తుంటాడు. "నీ తలకాయ అరిగినాది, పో" అంటుంది తిమ్మక్క. రోజూ వస్తాడు.

రోజు 299

ఇవాళ తూకం. నిన్నటికి పదహారు కిలోల తొమ్మిది వందలని మస్తానమ్మ అంచనా. ఓడ ఎల్లుండి పొద్దున తిరిగి పోతుంది. గోనెసంచి నిండి, మూతి కట్టి, తలుపు పక్కన ఉంది.

ఆసుపత్రికి నడుస్తుంటే సుంకి అడుగడుక్కీ టింగు టింగుమంది. నాకు వినపడింది, మస్తానమ్మకి వినపడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సుంకి తక్కెడ ఎక్కింది. పదిహేడు కిలోల ఏడు వందలు. డాక్టరమ్మ ముల్లుని చూసి, సుంకిని చూసి, "జేబులు ఖాళీ చెయ్యమ్మా" అన్నారు.

ఒకటి, రెండు, మూడు. పదకొండు ఇనుప నట్లు బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇవెక్కడివి?"

"తాత వాల్వువి. మళ్ళీ పెట్టేస్తా."

"ఎందుకమ్మా ఇదంతా?"

"ఆడినుంచి చూస్తే మా యమ్మ కనపడదు. తాతను మళ్ళీ అడిగితే చెప్పినాడు."

మస్తానమ్మ నా చెయ్యి పట్టుకుంది. పలకలు తుడిచిన చెయ్యి, ఇసుక కాగితంలా ఉంటుంది. ముల్లు కిందికి దిగి, ఊగి, ఊగి, ఆగింది.

పదిహేడు కిలోల ఎనభై గ్రాములు.

డాక్టరమ్మ చెప్పులు కూడా విప్పించి మళ్ళీ తూచారు. పదిహేడు కిలోల ఇరవై. "చాలు. పంపే పని లేదు" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆ పిండి నాక్కూడా కొంచెం ఇప్పిస్తారా? ఆసుపత్రికి" అన్నారు.

దారిలో నట్లు నేనే మోశాను. మస్తానమ్మ గదికి వచ్చి సంచి మూతి విప్పి, గౌనులు తీసి దండెం మీద వేసింది.

రోజు 301

పొద్దున్నే సుంకిని పై కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను, ఓడ లేవడం చూడాలంది. ఎర్రదుమ్ము లేచి ఏమీ కనపడలేదు. బాగుంది అంది. మస్తానమ్మ గోనెసంచి ఖాళీగా ఉందని విత్తనం అందులో పోశాం, అడుగున బెత్తెడు వచ్చింది.

రోజు 303

నీలావతికి ఆడపిల్ల. మూడో రోజు దాకా ఆగనక్కరలేదని తిమ్మక్క ఇవాళే దిండు విప్పి నింపింది. నా మూట విప్పి, కిలోకి ఒక్క గింజ తక్కువ లేదని చూసుకుని, "ఇంగో కిలో ఏదిరా? రెండింతలన్నావు" అంది. వచ్చే పంటకి అన్నాను. "మా అవ్వ చెప్పేది నిజమే" అంది. అరవై ఎనిమిదో తలకాయ దిండు మీద పెట్టగానే గింజలు సర్దుకున్న చప్పుడు విన్నాం.

మధ్యాహ్నం వెంకటరత్నంగారు వచ్చారు. నేను లేను, వాల్వు దగ్గర ఉన్నాను. గడప దగ్గర తిమ్మక్క ఆయన గోళ్ళు చూసిందట, చేతులు రెండుసార్లు కడిగించిందట. ఆయన లోపలికి వెళ్ళి, తిరగలి చుట్టూ ఒకసారి తిరిగి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నారట. అరగంట విసిరారని దస్తగిరి గడప అవతలి నుంచి చూసి చెప్పాడు. ఇస్త్రీ అంతా పోయిందట. వెళుతూ ఒక ముద్ద తిని వెళ్ళారట.

సాయంత్రం రిజిస్టరు తెరిస్తే ఇది ఉంది.

*(ఎర్ర సిరాతో)* స్టోరులో కనబడని విడి చక్రాన్ని తనిఖీ చేశాను. సక్రమంగా తిరుగుతోంది. దానిని మరో పనికి వాడరాదన్న నిబంధన ఉందేమో చూడవలసి ఉంది. ఇప్పట్లో తీరిక లేదు. ఒకటి నుంచి ఆరు వరకు గల హాళ్ళ గట్లన్నిటికీ విత్తనం ఎంత కావాలో లెక్క రాసి ఇవ్వాలి. లెక్కలో కొసరు కలపరాదు.

మరొకటి. 299వ రోజు నుంచి ఈ రిజిస్టరులో నీటి ఒత్తిడి నమోదు కాలేదు. వివరణ ఇవ్వాలి. — వెంకటరత్నం.

వివరణ: 3.2. సరిగానే ఉంది.